గ్రూప్ రైడ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళకి ముందే ఏమేం చెప్పాలి?

నార్సింగి_ఉదయం:

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) సైకిల్ ట్రాక్ మీద మొదలై, గండిపేట మీదుగా శంకరపల్లి రోడ్డు వైపు వెళ్ళే గ్రూపు మాది. పదిహేను, ఇరవై మంది వస్తారు. కొత్తవాళ్ళకి వాట్సాప్‌లో పంపడానికి ఒక పేజీ నోటు రాస్తున్నాను. హెల్మెట్, నీళ్ళు, స్పేర్ ట్యూబు సంగతి అందరూ చెప్పేదే. పక్కవాళ్ళతో ఎలా మసలుకోవాలన్న దాని మీదే మా గ్రూపులో ఒక మాట లేదు. ముఖ్యంగా ఇవి:

1. ముందున్నవాళ్ళని దాటేటప్పుడు బెల్లు కొట్టాలా, నోటితో చెప్పాలా? చెబితే ఏమని చెప్పాలి?
2. ఇద్దరేసి పక్కపక్కన తొక్కొచ్చా, ఒకే వరసలో పోవాలా?
3. వెనక ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉండాలా, నిలకడగా ఉండాలా?
4. నెమ్మదిగా తొక్కేవాళ్ళు ఎక్కడ ఉండాలి?
5. పంచరైతే అందరూ ఆగాలా?

దయచేసి ఎందుకో కూడా రాయండి. కారణం చెప్పకుండా "ఇలా చెయ్యండి" అంటే మా వాళ్ళు వినే రకం కాదు.

వెనకచక్రం:

ఉదయం గారూ, ఆ ఐదింటికంటే ముందు నోటులో ఉండాల్సింది ఒకటుంది. గుంపులో వెనకున్నవాడికి రోడ్డు కనిపించదు. ముందున్నవాడి వీపు, వాడి వెనక చక్రం, అంతే. గంటకి 30 కిలోమీటర్లంటే సెకనుకి 8 మీటర్ల పైచిలుకు. మధ్యలో మీటరు ఖాళీ ఉంటే అది సెకనులో ఎనిమిదో వంతులో అయిపోతుంది. ఆలోపు ఎవరి చెయ్యీ బ్రేకు మీదికి పోదు. అయినా గుంపు సాఫీగా సాగుతోందంటే, ముందువాడు హఠాత్తుగా ఏదీ చెయ్యడన్న నమ్మకం మీద సాగుతోంది. గట్టిగా బ్రేకు వెయ్యొద్దు, గబుక్కున పక్కకి తిప్పొద్దు, తొక్కుతూ తొక్కుతూ ఒక్కసారిగా కాళ్ళు ఆపొద్దు. మిగతా మర్యాదలన్నీ ఈ మూడింటి నుంచే వస్తాయి.

స్పీడు తగ్గించడానికి ఒక వరస ఉంది. మొదట కాళ్ళు తిప్పుతూనే బలం తగ్గించండి. చాలకపోతే నడుం లేపి నిటారుగా కూర్చోండి, ఎదురుగాలి మీ ఛాతీకి తగిలి సగం పని చేసిపెడుతుంది. అప్పటికీ ముందువాడి దగ్గరికి పోతుంటేనే బ్రేకు, అది కూడా రెండు చేతులతో కొద్దికొద్దిగా. కొత్తవాళ్ళు ఈ వరస తిరగేస్తారు. ముందు బ్రేకు పట్టేస్తారు, తర్వాత ఖాళీ పూడ్చుకోవడానికి పరుగెడతారు. ముందు చిన్నగా పట్టిన బ్రేకు ఆరేడుగురి వెనకకి చేరేసరికి పెద్దదై, చివరివాడు దాదాపు ఆగిపోతాడు.

రెండోది చక్రాల సంగతి. మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకి రాకూడదు. ఎప్పుడూ దాని వెనకే ఉండాలి. వాడు గుంత తప్పించడానికి అర అడుగు జరిగితే చాలు, రెండూ రాసుకుంటాయి. పడేది వెనకవాడే. సైకిల్ నిలబడేదే హ్యాండిల్‌ని మనకి తెలియకుండా అటూ ఇటూ కొంచెం కొంచెం తిప్పుకుంటూ ఉండడం వల్ల. ముందు చక్రం దేనికైనా ఆనుకుని తిరగలేకపోతే మనిషి వాలిపోతాడు. ముందువాడికి ఏదో రాసుకున్న చప్పుడు తప్ప ఇంకేం తెలియదు. పొరపాటున తగిలితే భయపడి అవతలికి తిప్పకండి. తగిలిన వైపే కొంచెం ఆనించి, తొక్కడం తగ్గిస్తే మీ చక్రం వెనక్కి జారి విడిపోతుంది. చెప్పినంత తేలిక కాదు గానీ, తెలిసి ఉండడం మంచిది.

మొదటి నెలంతా కొత్తవాళ్ళని ఒకటిన్నర మీటరు ఖాళీ ఉంచమనండి. ఇంకా దగ్గరగా ఉంటే ముందువాడి చాటున ఎదురుగాలి ఇంకా తగ్గే మాట నిజమే, కానీ ఒకటిన్నర మీటర్ల దూరంలోనూ బాగానే తేడా తెలుస్తుంది. వానలో అయితే ఇది రెట్టింపు చెయ్యాలి. రిమ్ బ్రేకు (చక్రం అంచుని పట్టే బ్రేకు) సైకిల్‌కి తడిసినప్పుడు మొదట రిమ్ము మీది నీళ్ళు తుడుచుకుపోయాకే బ్రేకు పడుతుంది. డిస్క్ బ్రేకున్నవాడు ముందు ఉండి ఠక్కున ఆగితే, వెనక రిమ్ బ్రేకువాడు వచ్చి గుద్దుకోవడం ఖాయం. డిస్క్ ఉన్నవాళ్ళు వాన రోజు వెనకవాళ్ళ బ్రేకుల్ని దృష్టిలో పెట్టుకుని ఆగాలి. వెనక మడ్‌గార్డు లేనివాళ్ళు వానలో వరస చివరకి వెళ్ళడం కూడా మర్యాదే. లేకపోతే వెనకవాడి కళ్ళజోడు నిండా బురద.

చాలామందికి తెలియనిది, సీటు మీద నుంచి లేచి తొక్కడం. లేచే క్షణంలో పెడల్ మీద బలం తగ్గి సైకిల్ అర అడుగు దాకా వెనక్కి వచ్చినట్టవుతుంది. వెనకవాడు దగ్గరగా ఉంటే వాడి చక్రానికి తగులుతుంది. లేవబోయే ముందు ఒక గేరు బరువు చేసుకుని, ఒక కాలు పైనుంచి కిందికి దిగుతున్నప్పుడు దానిమీదే బరువు వేసి లేవండి. సైకిల్ వెనక్కి రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు "లేస్తున్నా" అని ఒక మాట అనేస్తే ఇంకా మంచిది.

ట్రయథ్లాన్ బార్లు (మోచేతులు ఆనించి తొక్కడానికి హ్యాండిల్‌కి బిగించేవి) ఉన్నవాళ్ళు గుంపులో వాటిమీద మోచేతులు ఆనించకూడదు. చేతులు బ్రేకులకి దూరంగా ఉంటాయి, హ్యాండిల్ వణుకుతుంది. గుంపు ముందు ఒంటరిగా ఉంటే తప్ప వద్దనే నా అభిప్రాయం. ముందున్నా వద్దనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా కొట్టిపారేయలేం.

ఇక సైగలు. గుంత ఎటు ఉంటే అటు చెయ్యి కిందికి చూపించి "గుంత" అనాలి. ఎడమ పక్కన ఆగి ఉన్న లారీ ఉంటే ఎడమ చెయ్యి వెనక్కి పెట్టి, అరచేతిని కుడివైపుకి ఊపాలి, అంటే కుడికి జరగండని. నెమ్మది అంటే అరచెయ్యి కిందికి పెట్టి అదమడం. ఆగడం అంటే చెయ్యి పైకి. ముందువాడు చూపించినదాన్ని ప్రతివాడూ వెనక్కి అందించాలి, మధ్యలో ఒకడు మింగేస్తే గొలుసు అక్కడే తెగిపోతుంది. రెండు చేతులూ బ్రేకుల మీద ఉండాల్సిన చోట, చెయ్యి తీసి సైగ చేసి పడిపోవద్దు, నోటితో అరవండి. ఒక మాట ఎక్కువైనా చెబుతున్నాను, దారిలో లేని ప్రతి పగులునీ చూపించేవాడి వెనక తొక్కడం కూడా విసుగే. అలా చేస్తే నిజమైన గుంత వచ్చినప్పుడు ఎవరూ చూడరు.

కాసెట్_11_32:

బెల్లు ముచ్చట నేను చెప్త. ఓఆర్ఆర్ పక్కన ట్రాక్ 2023 అక్టోబర్‌ల మొదలైంది, మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు లేన్లు. అంటే ఒక్కో లేను మీటరున్నర. వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు అందులనే. ఇద్దరు పక్కపక్కన పోతే ఒక వైపు ఖతం. పైన సోలార్ పలకల నీడ ఉంటది కాబట్టి పిల్లలు, కిరాయి సైకిల్లోళ్ళు, ఉత్తగ నడిచేటోళ్ళు అందరు వస్తరు. మన రైడ్ గ్రూపులకి ఇది రేస్ ట్రాక్ లెక్క కనపడ్తది, అదే తిప్పలు.

ముందుగల, "రైట్, రైట్" అని అరవొద్దు. మన సైకిల్ భాషల దాని అర్థం "నీ కుడి పక్క నుంచి వస్తున్న" అని. కొత్తోళ్ళకి వినపడేది "కుడికి జరుగు" అని. సరిగ్గ మన ముందుకే తిరుగుతరు. "లెఫ్ట్" అన్నా గదే కథ. "వెనక సైకిల్ వస్తుంది, అట్లనే పోండి" అంటె మంచిగుంటది. "అట్లనే పోండి" అన్న మాటే అందుల ముఖ్యం, ఆ మాటతోటి మనిషి తన దారి మార్చుకోడు.

బెల్లు ఎంత దూరం నుంచి కొట్టాలె? దగ్గరికొచ్చి కొడ్తె ఉలిక్కిపడి పక్కకి దుంకుతరు. మీరు 25 మీద వస్తున్నరు, ముందు పిల్లగాడు 10 మీద పోతున్నడు అనుకో. ఇద్దరి నడుమ దూరం సెకనుకి నాలుగు మీటర్లు తగ్గుతది. 20 మీటర్ల దూరంల కొడ్తె వానికి అయిదు సెకన్లు దొరుకుతయి, విని, తిరిగి చూసి, మళ్ళ నిటారుగ కుదురుకోనీకి. అందుకే 20, 25 మీటర్ల కాడ ఒక్కసారి "టింగ్". పది మీటర్ల కాడ నోటితోటి. ఎడతెగకుండ కొట్టుడు హారన్ కొట్టినట్టే, బెదిరిచ్చుడు.

పిల్లగాండ్లు వెనక్కి చూసినప్పుడు హ్యాండిల్ కూడ అటే తిరుగుతది, చూసే వైపే సైకిల్ పోతది. గందుకే పిల్లల కాడ బెల్లు కొట్టి ధైర్యంగ పోవుడు కాదు, స్పీడు 12, 15కి దింపి మీటరు ఎడం పెట్టి దాటాలె. జాగ లేకుంటె ఆగాలె. దాటినంక వెంటనే ముందట అడ్డం రావొద్దు, రెండు సైకిళ్ళ పొడుగు ముందుకి పోయినంకనే ఎడమకి రావాలె. చెవులల్ల ఇయర్‌ఫోన్లు ఉన్నోళ్ళకి బెల్లు వినపడదు, వాళ్ళకి కోపం తోటి అరిస్తె ఇంకా వినపడదు. నెమ్మదిగ ఎడం తోటి పోవుడే.

ట్రాక్ మీద యూ టర్న్ కొట్టుడు ఇంకొకటి. అందరికి అలవాటు, తిరగాలనిపిస్తె ఉన్న కాడ్నే గిర్రున తిరుగుడు. వెనక్కి చూసి, చెయ్యి ఎత్తి, ఎడమ అంచుకి వచ్చి ఆగి, రెండు వైపుల ఖాళీ అయినంక తిప్పాలె. ఫొటోకి ఆగినా సైకిల్ ట్రాక్ దించి పెట్టాలె. ఇంటర్వెల్ వర్కవుట్ (కాసేపు గట్టిగ, కాసేపు నెమ్మదిగ తొక్కుడు) చెయ్యాలనుకునేటోళ్ళు పొద్దు పొడవకముందే వచ్చి చేస్కోవాలె. శని, ఆదివారాలు ఎండ ఎక్కినంక 35 మీద పోతనంటె అది మీ తప్పే.

తెలియనోళ్ళ వెనక గాలి తప్పిచ్చుకోనీకి అతుక్కుంటరు కొందరు. "అన్నా, వెనక ఉండొచ్చా?" అని అడిగి ఉండాలె. ఆయన వెనక ఎవరు లేరనుకుని బ్రేకేస్తడు, ఉమ్మేస్తడు.

నార్సింగి_ఉదయం:

కాసెట్ అన్నా, "అట్లనే పోండి" మాట నోటులో యథాతథంగా పెట్టేస్తున్నా. వెనకచక్రం గారికి ధన్యవాదాలు. రెండు నుంచి అయిదు దాకా ప్రశ్నలు ఇంకా ఉన్నాయి. మా గ్రూపులో పెద్ద గొడవ ఇద్దరేసి తొక్కడం మీదే. అసలు రోడ్డు మీద అది తప్పా, కాదా?

బ్రెవే_బాబాయి:

తప్పొప్పులు రోడ్డుని బట్టి ఉంటాయి నాయనా. లెక్క వేసి చూడండి. సైకిల్ పొడవు సుమారు 1.7 మీటర్లు. పన్నెండు మంది మీటరు ఖాళీతో ఒకే వరసలో వెళితే 31 మీటర్ల పైన. ఇద్దరేసి ఆరు జతలైతే 15 మీటర్లు. వెనక వచ్చే కారు ఎదురు లేను ఖాళీ చూసుకుని దాటేట్టయితే పొట్టి గుంపే దానికి సుఖం, దాటే సమయం సగమవుతుంది. ఇద్దరేసి తొక్కాలనేవాళ్ళ వాదన ఇదీ. నాలుగు లేన్ల రోడ్డు మీద ఆదివారం తెల్లవారుజామున ఇది సరైనదే.

అదే వాదన చేవెళ్ళ రోడ్డు మీద చెల్లదు. మర్రిచెట్ల మధ్య ఇరుకు రోడ్డు, ఎదురుగా లారీ, వెనక బస్సు. అక్కడ కారుకి ఎదురు లేను ఖాళీగా దొరకదు, ఉన్న లేనులోనే మన పక్క నుంచి దూరి పోవాలని చూస్తుంది. ఇద్దరేసి ఉంటే బయటివాడి మోచెయ్యి రాసుకుంటూ పోతుంది. ఒకే వరసలో పోవాలి, అది కూడా పన్నెండు మందీ ఒకే తాడులా కాదు. నలుగురైదుగురి ముక్కలుగా విడగొట్టి, ముక్కకీ ముక్కకీ మధ్య కనీసం 40 మీటర్లు వదలండి. బస్సు ఒక ముక్కని దాటి, ఎదురు బండి వస్తే ఆ ఖాళీలో తలదాచుకుంటుంది. ఖాళీ లేకపోతే బస్సు మధ్యలో ఎడమకి నొక్కుతుంది, గుంపు రోడ్డు దిగిపోతుంది. డ్రైవరు రౌడీ కానక్కర్లేదు, వాడికి చోటు లేకపోతే ఎవడైనా అదే చేస్తాడు.

ఇద్దరేసి వెళ్ళేటప్పుడు వెనక బండి వినిపిస్తే చివరివాడు "వెనక కారు" అంటాడు, బయటి వరసవాళ్ళు లోపలి వరసలో పక్కవాడి వెనకకి చేరాలి. లోపలివాడు ఖాళీ చెయ్యాలి, బయటివాడు ఒక్కసారిగా దూరకూడదు. ఇది ఖాళీ రోడ్డు మీద రెండు మూడు సార్లు ఉత్తుత్తగా చేయించండి, తర్వాత దానంతటదే అలవాటవుతుంది. పక్కన ఉన్నవాడికంటే అర చక్రం ముందుండేవాళ్ళు కొందరు ఉంటారు. వాడు అందుకుంటే వీడు ఇంకొంచెం జరుగుతాడు, చూస్తూ చూస్తూ గుంపు స్పీడు 26 నుంచి 32కి పోతుంది, వెనక నలుగురు ఊడిపోతారు. హ్యాండిల్ బార్లు రెండూ సమంగా ఉండాలి. అది ఒక్కటి చూసుకుంటే చాలు.

గుంపు ముందుండి తొక్కే వంతు తీసుకునేటప్పుడూ అంతే. ఉత్సాహం కొద్దీ స్పీడు పెంచకండి, మీటరు మీద అంకె చూసి అదే ఉంచండి. కొత్తవాళ్ళకి నిమిషం చాలు. వంతు అయిపోయాక వెనక్కి చూసి, బండి లేకపోతే మోచెయ్యి ఆడించి కుడికి తప్పుకుని వెనక్కి జారండి. ఎడమకి తప్పుకోవడం బాగానే కనిపిస్తుంది గానీ మన రోడ్ల ఎడమ అంచున ఇసుక, ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే బైకులు. వాహనాలు ఎక్కువుంటే అసలు వంతులే వద్దు, ఉన్నవాడే ముందు ఉండనివ్వండి.

నాలుగో ప్రశ్న. నెమ్మదివాళ్ళని అందరూ చివర పెడతారు. అదే అన్నిటికంటే కష్టమైన చోటు. మలుపులోనో, స్పీడ్ బ్రేకర్ దగ్గరో ముందువాడు కాస్త తగ్గి మళ్ళీ అందుకుంటే, చివరివాడు బాగా తగ్గి, పరుగు పెట్టి అందుకోవాలి. పది మలుపులకి వాడి పని అయిపోతుంది. బలహీనంగా ఉన్నవాళ్ళని రెండో, మూడో స్థానంలో పెట్టండి, వంతు అడక్కండి. చివర దారి తెలిసినవాడు, గట్టిగా తొక్కగలవాడు, పంపు, టూల్స్ ఉన్నవాడు ఉండాలి. మలుపు, సిగ్నల్, స్పీడ్ బ్రేకర్ దాటాక ముందువాడు తేలిగ్గా తొక్కుతూ ఉండాలి, వెనక నుంచి "అందరూ వచ్చాం" అన్న కేక వచ్చేదాకా. సిగ్నల్ దగ్గర సగం గుంపు పసుపులో దూరిపోయి, మిగతా సగం ఎర్రలో వాళ్ళ వెంట పరుగెత్తడం మామూలే. ముందువాళ్ళు ఆగుతారన్న భరోసా ఉంటే వెనకవాళ్ళు ఎర్రలో దూకరు.

లైట్లు. పొద్దు పొడవకముందు గుంపులో వెనక లైటు నిలకడగా, తక్కువ వెలుగులో ఉండాలి. వెనకవాడి కళ్ళు దానికి రెండు మీటర్ల దూరంలో ఉంటాయి. ఆరి వెలిగే లైటు వెనక వాడికి ముందువాడి దూరం అంచనా దొరకదు, రోడ్డు కూడా కనిపించదు. గుంపులో చివరివాడు ఒక్కడు ప్రకాశవంతమైనది పెట్టుకుంటే చాలు. పారిస్–బ్రెస్ట్–పారిస్ లాంటి పెద్ద రైడ్‌లో మిణుకు లైట్లు అసలు ఒప్పుకోరు, వేల మంది రాత్రంతా ఒకరి వెనక ఒకరు తొక్కుతారు మరి. ముందు లైటు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా సరిచూడడానికి: సైకిల్‌ని గోడకి 5 మీటర్ల దూరంలో నిలబెట్టండి. లైటు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, గోడ మీద వెలుగు నడిబొడ్డు 70 సెంటీమీటర్ల దగ్గర పడాలి. అప్పుడది రోడ్డు మీద ఇరవై మీటర్ల పైన పడుతుంది. మీరు పోయే వేగానికి అది చాలు.

డైనమో_లైట్:

బాబాయి గారితో ఒక్కచోట పేచీ. పగటి పూట, ఒంటరిగా హైవే మీద ఉన్నప్పుడు వెనక ఆరి వెలిగే లైటే మేలు, ఎండలో నిలకడ లైటు కంటికి ఆనదు. నోటులో "గుంపులో నిలకడ, పగలు ఒంటరిగా ఉంటే మీ ఇష్టం" అని రాయండి. లేకపోతే ఇంటికి ఒంటరిగా వెళ్ళేటప్పుడు కూడా అందరూ మసక లైటుతో పోతారు. ఇంకోటి, సీటు కింద బ్యాగు వేలాడి లైటుని కప్పేస్తుంది. బయలుదేరేముందు ఒకరి లైటు ఒకరు వెనక నుంచి చూసి చెప్పుకోండి.

కంబాలకొండ:

విశాఖ నుంచి రెండు ముక్కలు. మీ దారిలో ఘాట్లు లేవు గానీ, అనంతగిరి రైడ్‌కో, మా సింహాచలం కొండకో, కైలాసగిరికో ఎప్పుడైనా వస్తే పనికొస్తాయి.

దిగేటప్పుడు గుంపు ఉండకూడదు. మనిషికీ మనిషికీ 15 మీటర్లు, మలుపుల్లో ఇంకా ఎక్కువ. బరువైనవాళ్ళు, బాగా దిగగలిగేవాళ్ళు ముందు వెళ్ళాలి, లేకపోతే మలుపు మధ్యలో ముందువాడిని దాటాలన్న ఆశ పుడుతుంది. మలుపులో లోపలి వైపు నుంచి దాటడం మాత్రం ఎప్పుడూ చెయ్యొద్దు, ముందువాడు మలుపు తిరుగుతూ లోపలికే వస్తాడు. బ్రేకు మలుపుకి ముందే వేసుకుని, మలుపులో వదిలెయ్యాలి. కిందనుంచి వచ్చే బస్సు హెయిర్‌పిన్ దగ్గర రోడ్డంతా తీసుకుంటుంది, అది దాని తప్పు కాదు, అంత పొడుగు బండి ఇంకోలా తిరగదు. హారన్ వినిపిస్తే ఎడమ అంచుకి వచ్చి దానికి దారివ్వండి. గట్టిగా వాలు ఉన్నచోట బ్రేకు అదే పనిగా పట్టి ఉంచితే రిమ్ములు కాలిపోతాయి, ముఖ్యంగా కార్బన్ రిమ్ములు. పట్టి వదలడం, పట్టి వదలడం చెయ్యాలి. వెనకవాడు మీ బ్రేకుల తీరు చూసే తన వేగం నిర్ణయించుకుంటాడు.

ఎక్కేటప్పుడు ఎవరి వేగం వాళ్ళది, పైన ఆగుదాం అనుకుంటాం కదా. ఇక్కడే అందరూ చేసే అమర్యాద ఒకటుంది. ముందొచ్చినవాళ్ళు పావుగంట కూర్చుని, సెల్ఫీలు తీసుకుని, చివరివాడు రొప్పుతూ రాగానే "హమ్మయ్య, అందరం వచ్చేశాం, పదండి" అంటారు. ఎక్కువ అలిసినవాడికి విశ్రాంతి సున్నా. చివరివాడు వచ్చాక అయిదు నిమిషాలు గడియారం చూసి ఆగండి. వాడు నీళ్ళు తాగి, ఏదో తిని, "సరే" అన్నాకే కదలండి.

ఎవరైనా పడితే అందరూ చుట్టూ చేరి లేపకండి. మెడ, నడుం నొప్పి ఉందా అని అడిగి, ఉందంటే కదపొద్దు, 108కి చెయ్యండి. ఇద్దరు వెనక్కి 50 మీటర్లు వెళ్ళి, మలుపుంటే మలుపుకి అవతల నిలబడి, బళ్ళని ఆపాలి. మిగతావాళ్ళు రోడ్డు దిగాలి.

కుక్క వెంటపడితే పరుగెత్తకండి అని కూడా చెబుతుంటాను. ముందువాళ్ళు స్ప్రింట్ కొడితే కాలు కరిపించుకునేది చివరివాడే.

వెనకచక్రం:

పంచర్ సంగతి ఎవరూ చెప్పలేదు. "పంచర్" అని అరవండి, చెయ్యి ఎత్తండి, తొక్కుతూనే నెమ్మదిగా ఎడమకి వచ్చి, సైకిల్‌ని రోడ్డు నుంచి పూర్తిగా దించండి. గుంపంతా తెల్లగీత మీద వరసగా నిలబడి మాట్లాడుకోవడం చూస్తుంటాం, అంతకంటే ప్రమాదం లేదు. ఇద్దరు చాలు ట్యూబు మార్చడానికి. మిగతావాళ్ళు నీడలోకి వెళ్ళాలి. పదిమంది పది సలహాలు ఇస్తే ఎనిమిది నిమిషాల పని పాతిక నిమిషాలవుతుంది.

కొత్త ట్యూబు వేసే ముందు ముల్లు వెతకండి. మన దారుల్లో సర్కారు తుమ్మ ముల్లు టైరులో విరిగి ఉండిపోతుంది, లారీ టైర్లలోంచి రాలిన సన్న ఇనుప తీగ ఇంకా కంటికి కనిపించదు. టైరు మీది కంపెనీ పేరు వాల్వు దగ్గర ఉండేట్టు ఎప్పుడూ ఎక్కించుకుంటే, పాత ట్యూబులో గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూసి, వాల్వు నుంచి అంతే దూరంలో టైరులో వెతకొచ్చు. లోపలి వైపు గుడ్డ పెట్టి తుడిస్తే ముల్లుకి గుడ్డ పట్టుకుంటుంది, వేలు తెగదు. ఇది వదిలేసి కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకి మళ్ళీ గుంపంతా ఆగాలి.

ట్యూబు మీ సైజుది మీరే తెచ్చుకోవాలి. లోతు రిమ్ములవాళ్ళకి 48 మిల్లీమీటర్ల వాల్వు బయటికే రాదు, 60 లేదా 80 కావాలి. గ్రూపులో ఎవరూ ఇవ్వలేరు. ఎవరి దగ్గరైనా తీసుకుంటే తర్వాత ఆదివారం కొత్తది ఇచ్చెయ్యాలి, "గుర్తు చెయ్యి" అనకుండా. చైను క్విక్ లింక్ (తెగిన చైనుని కలిపే ముక్క) కూడా అంతే, 10 గేర్ల చైనుది 11 గేర్లదానికి పట్టదు.

కాసెట్_11_32:

చాయ్ కాడ గూడ రాయి అన్నా ఆ నోటుల. సైకిల్ని ఇంకొకరి సైకిల్ మీద ఆనిచ్చుడు బంజెయ్యాలె. పెడల్ పోయి వాని ఫ్రేముకి గీత పడ్తది. గేరు ఉన్న పక్క గోడకి ఆనిస్తె డిరెయిలర్ హ్యాంగర్ (గేరు బిగిచ్చే కొక్కెం) వంగుతది, ఎక్కంగనె చైను పుల్లలల్ల పడ్తది. ఎడమ పక్క ఆనియ్యాలె. హోటల్ దర్వాజకి, చిన్న బండ్ల పార్కింగ్‌కి అడ్డం పెట్టొద్దు. ఇరవై మంది ఒక్కసారి పోతె ఆయన గిరాకి పోతది.

వేరేటోళ్ళ సైకిల్ ఎత్తి బరువు చూసుడు, గేర్లు నొక్కి చూసుడు అడగకుండ చెయ్యొద్దు. నిలబడ్డ సైకిల్‌కి గేరు నొక్కితె అప్పుడు ఏం గాదు. ఆయన వచ్చి ఎక్కి మొదటి తొక్కుడు తొక్కంగనె చైను ఒక్కసారి దుంకుతది, కాలు జారి పైపు మీద పడ్తడు.

ఉమ్ముడు, ముక్కు చీదుడు: వరస వెనక్కి పోయి, ఎడమ అంచుకి వచ్చి, కిందికి, గాలి ఎటు కొడ్తుందో చూసి. ఎనర్జీ జెల్ తిన్న కాగితం జేబుల పెట్టుకోవాలె, పైన చింపిన ముక్క గూడ.

తప్పు చేసినోనికి రోడ్డు మీద తొక్కుతుండంగ క్లాసు పీకొద్దు. వాడు మీ దిక్కు చూస్తడు, ఇంకో తప్పు చేస్తడు. చాయ్ కాడ పక్కకి పిలిచి, ఒక్కటే ముచ్చట చెప్పాలె. అయిదు చెప్తె ఒకటి గూడ యాదికుండదు.

నార్సింగి_ఉదయం:

ఒక పేజీ అనుకున్నది మూడు పేజీలైంది, మొదటి పేజీలో హఠాత్తుగా చెయ్యకూడని మూడూ, సైగలూ, "అట్లనే పోండి" పెడుతున్నా. మిగతాది రెండో ఆదివారం వచ్చినవాళ్ళకి పంపుతా. బాబాయి గారూ, 40 మీటర్ల ఖాళీ కొత్తవాళ్ళు కంటితో ఎలా అంచనా వెయ్యాలి?

బ్రెవే_బాబాయి:

మీటర్లు వద్దు, సెకన్లు చెప్పండి. ముందు ముక్కలో చివరివాడు ఒక కరెంటు స్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలుపెట్టమనండి. 25 మీద పోతుంటే మీరు ఆ స్తంభాన్ని చేరేసరికి ఆరు రావాలి. అది 40 మీటర్ల పైనే అవుతుంది. అయిదు కంటే తక్కువ వస్తే కాళ్ళు తేలిక చేసుకోవాలి.